పాత కంపైలర్లలోనూ నడిచే సీ కోడు: నాలుగు దారుల్లో ఎవరికి ఏది నప్పుతుంది

యాసంగి కోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు తీరుతాయి. ప్రతి లారీ కాంటా ఎక్కాలి, నిండు బరువు నమోదు కావాలి, వడ్లు దించాక ఖాళీ బరువు తీసివేయాలి, తేమ 17 శాతం దాటితే ఆ మేరకు లెక్క సరిచేయాలి. ఈ పని చేసే సీ కోడు కొన్ని వందల లైన్లకు మించదు. అయినా అదే కోడును నేను నాలుగు రకాల కంపైలర్లతో, అంటే రాసిన కోడును యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చే సాధనాలతో, కంపైల్ చేయవలసి వస్తోంది. ఒక మిల్లులో విండోస్ ఎక్స్‌పీ యంత్రం కోసం విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0, మరో చోట సెంటోస్ 7 సర్వరు మీద జీసీసీ 4.8.5, కాంటా పక్కన బరువు చూపించే పెట్టెలోని 8051 చిప్పు కోసం కీల్ సీ51, నా సొంత ల్యాప్‌టాపులో జీసీసీ 15.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాంటి చిన్న సాఫ్ట్‌వేరు పనులు చేసేవారు, కాలేజీ ల్యాబుల్లో సీ పాఠం చెప్పేవారు, తమ కోడును లైబ్రరీగా నలుగురికీ ఇవ్వాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: పాత కంపైలర్లను వదులుకోకుండా ఉండాలంటే కోడును ఏ పద్ధతిలో రాయాలి? స్థూలంగా నాలుగు దారులున్నాయి. మొత్తం కోడును 1989 నాటి సీ89 ప్రమాణంలోనే రాయడం ఒకటి. దాని తరువాత 1999లో వచ్చిన సీ99 ప్రమాణం నుంచి అన్ని చోట్లా నడిచే కొంత భాగాన్ని మాత్రమే ఎంచుకొని, దానికి కట్టుబడి రాయడం రెండవది. కొత్త ప్రమాణంలో రాసి, పాత కంపైలర్ల లోటును ఒక హెడరు (ఇతర ఫైళ్లలోకి చేర్చుకునే ప్రకటనల ఫైలు) పొరతో పూడ్చడం మూడవది. పాత కంపైలరును పక్కన పెట్టి, కొత్త కంపైలరుతోనే పాత యంత్రంలో నడిచే ప్రోగ్రామును తయారు చేసి ఇవ్వడం నాల్గవది.

## ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్నలు

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కంపైలరు గురించినది కాదు, కంపైల్ చేసే మనిషి గురించినది. మీ కోడును మీరే కంపైల్ చేసి తయారైన ప్రోగ్రామును ఇస్తారా, లేక సోర్సు కోడునే ఇస్తే అవతలివారు తమ కంపైలరుతో కంపైల్ చేసుకుంటారా? మొదటి సందర్భంలో పాత యంత్రం ఒక సమస్యే కానీ పాత కంపైలరు సమస్య కాదు. ఈ రెంటినీ కలిపి చూడడం వల్ల ఎంతోమంది అవసరం లేని కట్టుబాట్లలో ఇరుక్కోవడం నేను చూశాను. ఎక్స్‌పీ యంత్రంలో నడవాలి అన్నంత మాత్రాన ఎక్స్‌పీ కాలపు కంపైలరునే వాడాలని లేదు.

తరువాత, మీరు నిజంగా నిలబెట్టవలసిన అతి పాత కంపైలరు ఏదో పేరు, వెర్షన్ సంఖ్యతో సహా కాగితం మీద రాసుకోవాలి. "పాతవన్నీ" అని రాసుకుంటే పని ఎప్పటికీ తెగదు. ఆ కంపైలరు మీ చేతికి అందుబాటులో ఉందా అనేది దానికి జోడు ప్రశ్న. పరీక్షించే వీలు లేని కంపైలరులో కోడు నడుస్తుందని వాగ్దానం చేయడం సరికాదని నా అభిప్రాయం.

రేపు ఈ కోడును చూసుకునేది ఎవరన్నది మరో ప్రశ్న. ఇప్పటి విద్యార్థులకు లూపు లోపలే వేరియబుల్‌ను ప్రకటించడం అలవాటు. ప్రకటనలన్నీ బ్లాకు మొదట్లోనే ఉండాలన్న నియమం వారికి కొత్త. ఆ నియమాన్ని యంత్రమే గుర్తుచేసే ఏర్పాటు లేకపోతే వారు చేసే మొదటి మార్పుతోనే పాత కంపైలరు మొరాయిస్తుంది.

## అసలు తేడాలు ఎక్కడ వస్తాయి

పోర్టబిలిటీ, అంటే ఒకే కోడు వేర్వేరు కంపైలర్లలో, యంత్రాల్లో నడవడం, అనగానే చాలామంది వాక్యనిర్మాణంలో తేడాలే అనుకుంటారు. నిజానికి వాక్యనిర్మాణంలో తేడా వస్తే కంపైలరు ఆగి చెబుతుంది కనుక దానితో పెద్ద ప్రమాదం లేదు. చెప్పకుండా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి.

ఒక మిల్లులో టర్బో సీ కాలం నుంచి నడుస్తున్న కాంటా ప్రోగ్రామును నేను చూసుకోవలసి వచ్చింది. అందులో బరువును కిలోల్లో ఇంట్ (పూర్ణాంకం) రకం వేరియబుల్‌లో దాచారు. టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లు, అంటే గరిష్ఠంగా 32,767. లారీలు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ ఆ గీత దాటే బరువు రాలేదు. 35,000 కిలోల లారీ మొదటిసారి కాంటా ఎక్కిన రోజున తెర మీద మైనస్ 30,536 అని కనిపించింది. ఆ కోడును నేనే రెండుసార్లు చదివి బాగుందని ఒప్పుకొని ఉన్నాను. నా ల్యాప్‌టాపులో ఇంట్ 32 బిట్లు కనుక అక్కడ పరీక్షిస్తే ఏ తప్పూ కనబడలేదు. సీ89 ప్రకారం లాంగ్ రకానికి కనీసం 32 బిట్లు ఉండి తీరాలి, ఇంట్‌కు 16 ఉంటే చాలు. బరువును లాంగ్‌లో దాచి ఉంటే ఏ కంపైలరులోనూ ఈ తప్పు జరిగేది కాదు.

అయితే లాంగ్ మీద కూడా పూర్తి భరోసా పెట్టుకోలేము. 64 బిట్ల లినక్సులో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో అది 32 బిట్లే. మిల్లు చెల్లింపులను పైసల్లో లెక్కిస్తే 32 బిట్ల లాంగ్ 2,14,74,836 రూపాయల 47 పైసల దగ్గర నిండిపోతుంది. ఓ మాదిరి మిల్లుకు కూడా ఒక సీజను చెల్లింపులు ఆ మొత్తాన్ని సులభంగా దాటుతాయి.

తేమ లెక్కలో మరొక చిక్కు ఉంది. తేమను పదో వంతుల్లో పెట్టుకొని 16.5 నుంచి 17.0 తీసివేస్తే మైనస్ 5 వస్తుంది. దానిని 2తో భాగిస్తే సీ99 ప్రకారం జవాబు మైనస్ 2 మాత్రమే. సీ89 మాత్రం మైనస్ 2 ఇవ్వాలా, మైనస్ 3 ఇవ్వాలా అన్నది కంపైలరు ఇష్టానికి వదిలేసింది. సీ89లోనే ఉన్న డివ్ ఫంక్షన్ వాడితే ఎక్కడైనా మైనస్ 2 వస్తుంది.

ఒక్కో అక్షరాన్ని దాచే చార్ రకానికి ప్లస్, మైనస్ గుర్తు ఉంటుందా లేదా అన్నది కూడా ప్రమాణం తేల్చలేదు. ఇంటెల్ యంత్రాల్లో మామూలుగా ఉంటుంది, ఆర్మ్ లినక్సులో ఉండదు. ఒక ఫైలును అక్షరం వెంట అక్షరం చదువుతూ, చదివినదానిని చార్‌లో దాచి ఫైలు ముగింపు గుర్తుతో పోల్చే లూపు ల్యాప్‌టాపులో చక్కగా ఆగుతుంది, రాస్‌బెర్రీ పై మీద ఎప్పటికీ ఆగదు. చదివిన విలువను ఇంట్‌లో దాచుకోవడమే దీనికి మందు.

పోర్టబిలిటీ అంటే వెనక్కి చూడడం మాత్రమే కాదు, ముందుకూ చూడాలి. 2024లో వచ్చిన జీసీసీ 14, ప్రకటన లేకుండా ఫంక్షన్‌ను పిలవడాన్ని హెచ్చరికతో సరిపెట్టకుండా ఎర్రరుగా చూపడం మొదలుపెట్టింది. 2025లో వచ్చిన జీసీసీ 15, మనం ఏ ప్రమాణమూ అడగకపోతే సీ భాష కొత్త ప్రమాణమైన సీ23ని అనుసరిస్తుంది. సీ23లో బూల్, ట్రూ, ఫాల్స్ అనేవి భాషలోని కీవర్డులైపోయాయి కనుక, మన పాత కోడులో సొంతంగా బూల్ రకాన్ని తయారు చేసుకున్న చోటల్లా కంపైలరు ఆగిపోతుంది. ఖాళీ కుండలీకరణాలతో ప్రకటించిన ఫంక్షన్‌కు ఇదివరకు "ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా కావచ్చు" అని అర్థం, ఇప్పుడు "ఏమీ లేవు" అని అర్థం. అందువల్ల మీరు ఏ దారిలో వెళ్లినా, బిల్డు ఫైలులో ఏ ప్రమాణమో స్పష్టంగా పేర్కొనడం తప్పనిసరి. కంపైలరు తనంతట తాను ఎంచుకునే ప్రమాణం మీద ఆధారపడితే, జీసీసీ 4.8లో సీ89 తరహా, జీసీసీ 5 నుంచి సీ11 తరహా, జీసీసీ 8 నుంచి సీ17 తరహా, జీసీసీ 15లో సీ23 తరహా అన్నట్టు ఒకే ఫైలు నాలుగు భాషల్లో చదవబడుతుంది.

## మొదటి దారి: పూర్తిగా సీ89

దీని బలం విస్తృతి. టర్బో సీ, విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0, కీల్ సీ51, నేటి జీసీసీ, క్లాంగ్ అన్నీ దీనిని అంగీకరిస్తాయి. ఎన్నో రకాల యంత్రాలకు చేరవలసిన కర్ల్, ఎస్‌క్యూలైట్ వంటి ప్రాజెక్టులు సీ89నే పట్టుకొని ఉండడానికి కారణం ఇదే. సోర్సు కోడు ఎవరి చేతికి వెళుతుందో, వారి దగ్గర ఏ కంపైలరు ఉంటుందో మనకు తెలియనప్పుడు దీనికి మించిన భద్రత లేదు.

పోగొట్టుకునేవి కూడా తక్కువేమీ కావు. బ్లాకు మధ్యలో ప్రకటనలు ఉండవు. రెండు గీతల వ్యాఖ్యలు ప్రమాణంలో లేవు, చాలా పాత కంపైలర్లు వాటిని ఒప్పుకున్నా సరే. నిర్ణీత వెడల్పు గల పూర్ణాంక రకాలు, లాంగ్ లాంగ్, హద్దు చూసి రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఏవీ ఉండవు. ఈ చివరిది నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా అనిపిస్తుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో అండర్‌స్కోరుతో మొదలయ్యే దాని చుట్టం ఒకటి ఉంది కానీ, స్థలం చాలనప్పుడు అది స్ట్రింగు చివర సున్నాను పెట్టదు. పేరు దగ్గరగా ఉందని ఒకదాని స్థానంలో మరొకటి వాడినవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విజువల్ స్టూడియో 2015 నుంచి అసలైన ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ దొరుకుతుంది.

64 బిట్ల లెక్క లేని చోట పైసల మొత్తాన్ని ఎలా దాచాలన్న ప్రశ్నకు ఒక పాత ఉపాయం ఉంది. 64 బిట్ల డబుల్ రకం 2 పవర్ 53 వరకు, అంటే 9,00,71,99,25,47,40,992 వరకు ప్రతి పూర్ణాంకాన్నీ ఖచ్చితంగా దాచగలదు కనుక, పైసలను భిన్నం లేకుండా డబుల్‌లో పెట్టుకొని కూడడం, తీసివేయడం చేసుకోవచ్చు. నేను విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0 కోడులో దీనినే వాడుతున్నాను. కానీ ఇదే కోడును 8051కి తీసుకువెళ్లకూడదు, ఎందుకంటే కీల్ సీ51లో డబుల్ కూడా 32 బిట్లదే. చిప్పు వైపు బరువు లెక్క మాత్రమే ఉంచి, డబ్బు లెక్కను కంప్యూటరు వైపు ఉంచడం మేలు.

సీ89లో రకాల వెడల్పును కంపైల్ సమయంలోనే సరిచూసుకోవడానికి కూడా వీలుంది. లాంగ్ పరిమాణం నాలుగు బైట్ల కంటే తక్కువైతే మైనస్ ఒకటి, కాకపోతే ఒకటి పొడవు గల చార్ ఎర్రే రకాన్ని టైప్‌డెఫ్‌తో ప్రకటిస్తే, తప్పు యంత్రంలో కంపైలేషన్ అక్కడే ఆగిపోతుంది. సీ11లో వచ్చిన స్టాటిక్ అసర్టుకు ఇది పేద చుట్టమే అయినా పని మాత్రం చేస్తుంది.

## రెండవ దారి: సీ99లో ఎంపిక చేసిన భాగం

టర్బో సీ, విజువల్ సీ ప్లస్ ప్లస్ 6.0, కీల్ సీ51లను నిలబెట్టే అవసరం లేనివారికి నా మొదటి సలహా ఇది. బ్లాకు మధ్యలో ప్రకటనలు, లూపు లోపలి వేరియబుల్, నిర్ణీత వెడల్పు పూర్ణాంకాలు, లాంగ్ లాంగ్, సభ్యుల పేర్లతో స్ట్రక్చర్‌ను నింపడం, ఈ ఐదింటితోనే కోడు చదవడానికి ఎంతో తేలికవుతుంది, తప్పులు తగ్గుతాయి. జీసీసీ 4.8 వీటన్నిటినీ ఒప్పుకుంటుంది, సీ99 కావాలని అడిగితే చాలు. మైక్రోసాఫ్ట్ వైపు విజువల్ స్టూడియో 2013 నుంచి ఇవన్నీ నడుస్తాయి.

దూరంగా ఉంచవలసినది ముఖ్యంగా ఒకటే: నడుస్తున్నప్పుడు పొడవు తేలే ఎర్రేలు. మైక్రోసాఫ్ట్ కంపైలరు వాటిని ఎన్నడూ ఒప్పుకోలేదు, సీ11 వాటిని ఐచ్ఛికం చేసింది. కాంప్లెక్స్ సంఖ్యలదీ దాదాపు ఇదే కథ.

ఈ దారిలో పెద్ద ప్రాజెక్టులు ఎలా నడిచాయో చూస్తే ధైర్యం వస్తుంది. పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షన్ నుంచి సీ99కు మారింది, అదీ కొన్ని సౌకర్యాలను మినహాయించుకొని. గిట్ ప్రాజెక్టువారు ఒక్కొక్క సీ99 సౌకర్యాన్ని ముందుగా ఒకే చోట వాడి విడుదల చేసి, ఎవరి కంపైలరైనా ఫిర్యాదు చేస్తుందేమోనని కొంతకాలం వేచి చూసి, ఆ తరువాతే మిగతా కోడులోకి అనుమతించారు. మన ఊళ్లలో పదిహేను మిల్లులకు సాఫ్ట్‌వేరు ఇచ్చేవారు కూడా ఇదే పద్ధతిని పాటించవచ్చు.

సెంటోస్ 7 మీద పనిచేసేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. కంపైలరును కఠినమైన సీ99లో నడిపితే, స్ట్రింగును నకలు చేసే స్ట్ర్‌డప్ వంటి పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ఫంక్షన్ల ప్రకటనలు హెడర్లలో దాగిపోతాయి. పాత జీసీసీ దానిని హెచ్చరికతో వదిలేసి, ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని ఊహించుకుంటుంది. 64 బిట్ల చిరునామా సగానికి కత్తిరించబడి, ప్రోగ్రాము సంబంధం లేని ఇంకేదో చోట కూలిపోతుంది. గ్నూ99 (జీసీసీ సొంత చేర్పులతో కూడిన సీ99) అని అడగడం గానీ, పోసిక్స్ వెర్షన్ మాక్రోను (కోడులో ముందుగా విలువ ఇచ్చి పెట్టుకునే పేరు) 200809 విలువతో హెడర్ల కంటే ముందే నిర్వచించడం గానీ చేయాలి.

## మూడవ దారి: కొత్త కోడు, పాత కంపైలరుకు హెడరు పొర

ఈ పద్ధతిలో ప్రధాన కోడంతా ఇప్పటి భాషలో ఉంటుంది, లేనివాటిని ఒకే హెడరు సమకూరుస్తుంది. నిర్ణీత వెడల్పు రకాలు, ఇన్‌లైన్ అనే మాట, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కు బదులు మన సొంత ఫంక్షన్ వంటివి అందులోకి వస్తాయి. లోటు లైబ్రరీలో ఉన్నంతవరకు ఇది చక్కగా పనిచేస్తుంది. లోటు భాషలోనే ఉంటే ఏ హెడరూ ఏమీ చేయలేదు. బ్లాకు మధ్యలో ప్రకటనను ఒప్పుకోని కంపైలరును మాక్రోతో ఒప్పించలేము.

వెర్షన్ సంఖ్యలను బట్టి నిర్ణయాలు తీసుకునేచోట పొరపాట్లు ఎక్కువ. ప్రమాణం వెర్షన్‌ను తెలిపే మాక్రో విలువ సీ99లో 199901, సీ11లో 201112, సీ17లో 201710, సీ23లో 202311. కానీ విజువల్ స్టూడియో 2013 సీ99లో చాలా భాగాన్ని ఒప్పుకుంటూ కూడా ఆ మాక్రోను నిర్వచించదు, కనుక దానిని ఒక్కదాన్నే నమ్మితే ఉన్న సౌకర్యాన్ని కూడా లేదనుకుంటాము. మైక్రోసాఫ్ట్ కంపైలరు సొంత వెర్షన్ సంఖ్యను వేరుగా చూడాలి: 1200 అంటే 6.0, 1600 అంటే నిర్ణీత వెడల్పు పూర్ణాంకాల హెడరు మొదటిసారి వచ్చిన 2010, 1800 అంటే 2013. క్లాంగ్ విషయం ఇంకా చిత్రం. అది తనను తాను జీసీసీ 4.2గా కూడా చెప్పుకుంటుంది, అందువల్ల క్లాంగ్ మాక్రోను జీసీసీ మాక్రో కంటే ముందే చూడాలి.

వెర్షన్‌ను అడగడం కంటే సౌకర్యాన్నే పరీక్షించడం మేలు. ఆటోకాన్ఫ్, సీమేక్ అనే బిల్డు సాధనాలు చేసేది అదే: ఒక చిన్న ప్రోగ్రామును కంపైల్ చేసి చూసి, ఫలితాన్ని హెడరులో రాస్తాయి. కానీ ఒక మిల్లు కంప్యూటరులో ఆటోకాన్ఫ్ నడిపించడం అంటే కాంటా ప్రోగ్రాముకు మించిన బరువును ఎత్తుకోవడమే. నాలుగు కంపైలర్లు మాత్రమే ఉన్నచోట చేత్తో రాసిన ముప్పై లైన్ల హెడరు సరిపోతుంది.

ఈ దారి మీద నాకున్న అభ్యంతరం ఒకటే. షరతుల చీలికలు ఒక్క హెడరులో ఆగకుండా మెల్లగా ప్రధాన కోడులోకి పాకుతాయి. ఒక ఫంక్షన్‌లో మూడు చీలికలు ఉంటే, అందులో మీరు రోజూ పరీక్షించేది ఒకటే. చీలికలు హెడరు గడప దాటకూడదన్న నియమం పెట్టుకోగలవారే ఈ దారిని ఎంచుకోవాలి.

## నాల్గవ దారి: కొత్త కంపైలరు, పాత యంత్రం

మీ కోడును మీరే కంపైల్ చేసి ఇస్తున్నప్పుడు ఈ దారిని తప్పక ఆలోచించాలి. విజువల్ స్టూడియో 2017తో ఎక్స్‌పీ కోసం ప్రత్యేక టూల్‌సెట్ దొరుకుతుంది. దానితో సీ99 కోడు రాసి ఎక్స్‌పీ యంత్రంలో నడిపించవచ్చు. సెంటోస్ 7కు డెవ్‌టూల్‌సెట్ పేరుతో వచ్చిన కొత్త జీసీసీలున్నాయి. వాటితో తయారైన ప్రోగ్రాములు అదే సర్వరులోని పాత లైబ్రరీలతో నడుస్తాయి.

లినక్సులో జాగ్రత్త పడవలసినది జీలిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ) వెర్షన్. ఉబుంటు 22.04లో అది 2.35, సెంటోస్ 7లో 2.17. కొత్తదాని మీద తయారు చేసిన ప్రోగ్రాము పాతదాని మీద "ఫలానా వెర్షన్ దొరకలేదు" అని మొదలు కాకుండానే ఆగిపోవచ్చు. పాతదాని మీద తయారు చేసినది కొత్తదాని మీద సాధారణంగా నడుస్తుంది. కాబట్టి మీ వాడుకరుల్లో అతి పాత జీలిబ్‌సీ ఎవరిదో దాని కంటెయినరులోనే (ఆ పాత వ్యవస్థను విడిగా నడిపే డాకర్ వంటి ఏర్పాటు) కంపైల్ చేయాలి.

దీని పరిమితి స్పష్టం. సోర్సు కోడును ఇతరులు తమ దగ్గర కంపైల్ చేసుకోవలసినప్పుడు ఇది పనికిరాదు. పైగా సెంటోస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. ఆ యంత్రాలను ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచమని మిల్లువారికి చెప్పడం కూడా మన పనిలో భాగమే అనుకుంటాను.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| అంశం | సీ89 | సీ99 భాగం | హెడరు పొర | కొత్త కంపైలరు |
|---|---|---|---|---|
| విజువల్ సీ 6.0, కీల్ సీ51 | నడుస్తుంది | నడవదు | భాష లోటు ఉంటే నడవదు | వాటి అవసరమే ఉండదు, చిప్పుకు తగిన కొత్త కంపైలరు దొరికితే |
| జీసీసీ 4.8.5 | నడుస్తుంది | నడుస్తుంది | నడుస్తుంది | డెవ్‌టూల్‌సెట్‌తో |
| 64 బిట్ల పూర్ణాంకం | లేదు | ఉంది | కంపైలరును బట్టి | ఉంది |
| కొత్తవారు కోడును అందుకోవడం | కష్టం | తేలిక | చీలికలు పెరిగితే కష్టం | తేలిక |
| ఇతరులు కంపైల్ చేసుకోవడం | అన్నిటికంటే మేలు | మేలు | మేలు | వీలు కాదు |
| పరీక్ష భారం | తక్కువ | తక్కువ | ఎక్కువ | తయారైన ప్రోగ్రామును పాత యంత్రంలో చూడాలి |

## ఎవరికి ఏది

కాలేజీ ల్యాబుల సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే అలవాట్లు పడేది అక్కడే. డాస్‌బాక్స్‌లో టర్బో సీతో పాఠాలు నడుస్తున్న చోట, సిలబస్ మారేదాకా ఆగకుండా ఒక పని చేయవచ్చు. ప్రతి ప్రయోగాన్నీ సీ89లో రాయించి, అదే ఫైలును జీసీసీలో కూడా కంపైల్ చేయించాలి. కోనియో, గ్రాఫిక్స్ హెడర్లు టర్బో సీ సొంతమని, మెయిన్ ఫంక్షన్ వాయిడ్ కాక ఇంట్ ఇవ్వాలని పెడాంటిక్ ఎర్రర్లు (ప్రమాణం దాటితే ఎర్రరుగా చూపే ఐచ్ఛికం) అడిగితే విద్యార్థికి ఎర్రరు ద్వారానే తెలుస్తుంది. రెండు కంపైలర్లలో ఒకే ప్రోగ్రాము ఇంట్ పరిమాణాన్ని 2 అని, 4 అని చూపించడం కంటే మంచి పాఠం నాకు తెలియదు.

కాంటాలు, జిన్నింగు మిల్లులు, బత్తాయి, పల్లి మార్కెట్ల కోసం చిన్న ప్రోగ్రాములు రాసేవారు ఒక్కరే కంపైల్ చేస్తారు కనుక నాల్గవ దారి, దానిలో సీ99 భాగం కలిపి ఎంచుకోవడం ఉత్తమం. చిప్పు మీద నడిచే కోడు ఉంటే దానిని వేరు ఫైళ్లలో సీ89లో ఉంచి, రెండు వైపులా పంచుకునే లెక్కను కూడా సీ89లోనే రాయాలి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే. నికర బరువు, తేమ లెక్కలున్న రెండు ఫైళ్లు సీ89, మిగతా తెరలు, రశీదులు, ఫైళ్ల పని సీ99. 6.0ను ఇంకా వదిలించుకోని ఒక మిల్లు కోసం మాత్రం అన్నీ సీ89లో ఉంచిన పాత శాఖ ఒకటి విడిగా నడుస్తోంది. ఆ యంత్రం మారిన రోజున దానిని మూసేస్తాను.

సోర్సు కోడును లైబ్రరీగా పంచేవారికి సీ89 ఇప్పటికీ సరైనదే, అయితే కాలం మారుతోందని గమనించాలి. ఫైళ్లను కుదించే జెడ్‌లిబ్ (zlib) లైబ్రరీ 2023లో వచ్చిన 1.3వ వెర్షన్‌లో సీ89 కంటే ముందటి తరహా ఫంక్షన్ నిర్వచనాలను తీసేసింది. లినక్స్ కెర్నెల్ 2022లో 5.18తో సీ11 తరహాకు మారింది. ఈ రోజు కొత్తగా మొదలుపెట్టే లైబ్రరీకి సీ89 అవసరమని చెప్పాలంటే, దానిని కోరే కంపైలరును పేరుతో చూపగలగాలి.

## తెలుగు అక్షరాల సంగతి

రశీదు మీద తెలుగు ముద్రించేవారికి ఇది విడిగా చెప్పాలి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్‌పాయింటుకు (ఒక అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ) మూడు బైట్లు పడతాయి. "న" అంటే హెక్సులో ఈ0, బీ0, ఏ8. సోర్సు ఫైలులో నేరుగా తెలుగు రాస్తే జీసీసీకి అభ్యంతరం లేదు కానీ, పాత విజువల్ సీ దానిని యంత్రం కోడ్‌పేజీ ప్రకారం చదువుతుంది. యూటీఎఫ్-8గా చదవమని అడిగే ఐచ్ఛికం విజువల్ స్టూడియో 2015 రెండవ అప్‌డేటులో గానీ రాలేదు.

పాతవాటి కోసం బైట్లను ఎస్కేపులుగా, అంటే బ్యాక్‌స్లాష్ వెనుక సంఖ్యగా, రాయాలి. అప్పుడు హెక్స్ ఎస్కేపు వద్దు, ఆక్టల్ ఎస్కేపు వాడండి. హెక్స్ ఎస్కేపుకు పొడవు హద్దు లేదు, దాని వెనుక అంకె గానీ ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరం గానీ వస్తే దానినీ తనలో కలుపుకుంటుంది. ఆక్టల్ మూడు అంకెల దగ్గర ఆగుతుంది: 340, 260, 250 అని రాస్తే "న" ఎక్కడైనా "న"గానే వస్తుంది. సీ89 ఒక స్ట్రింగుకు 509 అక్షరాల వరకే హామీ ఇస్తుంది. మూడేసి బైట్ల లెక్కన దాదాపు 169 కోడ్‌పాయింట్లకే ఆ హద్దు నిండుతుంది కనుక, రశీదు కింది నిబంధనల పాఠాన్ని లైనుకో స్ట్రింగుగా విడగొట్టాలి.

## పరీక్ష ఎలా

జీసీసీకి సీ89 ప్రమాణం, పెడాంటిక్ ఎర్రర్లు, ప్రకటన స్థానం మీద హెచ్చరిక ఈ మూడూ అడిగితే భాష విషయంలో కాపలా దొరుకుతుంది. అది లైబ్రరీకి కాపలా కాదు. సీ89లో లేని ఫంక్షన్‌ను మీరు వాడినా, లింకింగు దశలో అది కొత్త లైబ్రరీలో ఉండనే ఉంటుంది కనుక తప్పు బయటపడదు. అందుకే అసలైన పాత కంపైలరుతో కనీసం విడుదలకు ముందు ఒకసారి కంపైల్ చేయాలి. డాకర్‌లో సెంటోస్ 7, జీసీసీ 4.9 కంటెయినర్లు, వర్చువల్ యంత్రంలో ఎక్స్‌పీ, డాస్‌బాక్స్‌లో టర్బో సీ, ఇవన్నీ ఒక మామూలు ల్యాప్‌టాపులో పడతాయి.

పాత కంపైలరులో నడిచిందని కొత్తదాని ఆప్టిమైజేషన్‌ను తేలికగా తీసుకోవద్దు. కాంటా నుంచి సీరియల్ తీగ మీద వచ్చే బైట్ల మీద పాయింటరు రకం మార్చి నేరుగా లాంగ్‌గా చదవడం విజువల్ సీ 6.0లో ఏళ్లపాటు పనిచేయవచ్చు, జీసీసీ రెండవ స్థాయి ఆప్టిమైజేషన్‌లో తప్పు విలువ ఇవ్వవచ్చు. మెమ్‌కాపీతో చదివితే గానీ, బైటు వెంట బైటు కూడితే గానీ అన్ని చోట్లా సరిగ్గా వస్తుంది.

నా దగ్గర ఒక చిన్న ఫైలు ఉంది. అందులో 35,000 కిలోల బరువు, మైనస్ 5ను 2తో భాగించడం, 224 విలువ గల ఒక బైటును చార్‌లో పెట్టి పోల్చడం, 3 కోట్ల రూపాయలను పైసల్లో కూడడం, 2038 జనవరి 19 (32 బిట్ల సమయ లెక్క నిండిపోయే రోజు) తరువాతి ఒక తేదీ ఉన్నాయి. కంప్యూటరు వైపు ఏ కొత్త కంపైలరు చేతికొచ్చినా, మిల్లు కోడును ముట్టుకోకముందు దానితో మొదట కంపైల్ చేసి నడిపించేది ఆ ఫైలునే. 8051 వైపు వాటిలో మొదటి మూడు పరీక్షలు మాత్రమే నడుపుతాను.